అప్పు చుక్కలు

మా ఇంటికి గేమ్ కన్సోల్ వచ్చింది ఆటల కోసం కాదని అన్నయ్య మొదటి రోజే ఒట్టేసి చెప్పాడు.

"ఆటలు దానికి సైడు పని నాన్నా. అసలు పని అప్‌స్కేలింగ్," అన్నాడు, వైర్లు టీవీ వెనక్కి తోస్తూ.

నాన్న కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి, "అప్పు ఏమిటి?" అన్నాడు.

"అప్పు కాదు, అప్. పైకి అని. మన పాత డిస్కుల్లో బొమ్మకి చుక్కలు తక్కువ. ఈ టీవీకి చాలా చుక్కలు కావాలి. ఆ తక్కువ పడ్డ చుక్కల్ని ఈ పెట్టె నింపుతుంది. బొమ్మ కొత్తగా కనిపిస్తుంది."

"ఎక్కణ్ణించి తెచ్చి నింపుతుంది?"

"పక్క చుక్కల్ని చూసి. ఇటు పక్కది తెలుపు, అటు పక్కది నలుపు అయితే, మధ్యలోది బూడిద రంగులో ఉంటుందని అంచనా వేసి పెట్టేస్తుంది."

"నేనన్నదీ అదేగా. తన దగ్గర లేదు. ఇరుగు పొరుగు దగ్గర తెచ్చుకుని ఉన్నట్టు కనిపిస్తుంది. అప్పే."

ఆ రోజు నుంచి ఆ కన్సోల్ మా ఇంట్లో అప్పుపెట్టె అయిపోయింది. దాని మీద దుమ్ము తుడిచేటప్పుడు అమ్మ కూడా అలాగే అంటుంది, "అప్పుపెట్టె పక్కకి జరుపు, తడిగుడ్డ వేస్తున్నా" అని.

పాత డిస్కుల కోసమే అన్నాడు గానీ, అన్నయ్య అందులో పాత డిస్కు వేయగా నేను చూడలేదు. కార్ల పందెం ఆట వేసుకునేవాడు. అది వాడి చిన్నప్పటి ఆట, అప్పుడు ఫ్రెండు ఇంట్లో ఆడేవాడు. ఆ కార్లు అప్పట్లో ఇటుకల్లా ఉండేవట, ఇప్పుడు సబ్బుల్లా ఉన్నాయి. రోడ్డు పక్కన నిలబడ్డ జనానికి మాత్రం మొహాలు రాలేదు. లేని మొహాలు ఎంత పైకెత్తినా లేవు కదా అనుకున్నాను, పైకి అనలేదు. మా ఇంట్లో మాట్లాడేవాళ్ళు సరిపడా ఉన్నారు.

నిజానికి మా ఇంట్లో ఉన్నవి మూడో నాలుగో డిస్కులు. వాటిలో ఒకదాని పేరు ఎవరూ ఎత్తరు. అది వాలీబాల్ ఫైనల్ డిస్కు. అమ్మ దాన్ని బీరువాలో దుప్పట్ల కింద పెట్టింది. పారేయడానికి చెయ్యి రాదు, పైన పెట్టడానికి ధైర్యం లేదు.

ఆ ఫైనల్ జరిగేసరికి నేను పుట్టలేదు. అయినా దాని గురించి నాకు తెలియనిది లేదు, ఎందుకంటే మా ఇంట్లో ఎవరికి కోపం వచ్చినా కథ అక్కణ్ణించే మొదలవుతుంది. మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, అప్పట్లో మా ఊరి జట్టులో గట్టిగా కొట్టేవాడు. నాన్న అంపైరు. సొంత బావే అంపైరు కదా అని జట్టంతా కులాసాగా ఉందట. చివరి బంతి మామయ్య ఎగిరి కొట్టాడు. అది వెళ్ళి అవతలి మూల గీత దగ్గర పడింది. నాన్న రెండు చేతులూ పైకెత్తాడు. అలా ఎత్తితే బంతి బయట పడిందని అర్థం. కప్పు అవతలి జట్టుకి పోయింది.

"గీత మీద పడింది. సున్నం లేచింది, నా కళ్ళతో చూశాను," అంటాడు మామయ్య.

"సున్నం గాలికి లేచింది," అంటాడు నాన్న.

మామయ్య ఆ రోజు నుంచి మా గుమ్మం తొక్కలేదు. అమ్మని చూడాలంటే గేటు దగ్గర నిలబడి స్కూటర్ హారన్ కొడతాడు. అమ్మ చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుతుంది. నాన్న ఎదురుపడితే "అంపైరు గారూ, బాగున్నారా" అంటాడు. ఆ "గారూ" విన్నప్పుడల్లా నాన్నకి అన్నం సయించదు.

ఇంకో సంగతి ఉంది. మాది కళ్ళజోళ్ళ దుకాణం. ముందు గదిలోనే. గోడకి పైన పెద్ద అక్షరాలు, కిందికి పోయే కొద్దీ చీమల్లాంటి అక్షరాలున్న బోర్డు ఉంటుంది. వచ్చినవాళ్ళు అందులో ఏ వరుస వరకు చదవగలరో చూసి, ఎవరికి ఏ అద్దం కావాలో నాన్న చెబుతాడు. ఓడిపోయిన రోజున మామయ్య అన్న మాట ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు.

"కళ్ళజోళ్ళు అమ్మేవాడికి కళ్ళుండాలని రూలేం లేదుగా!"

తర్వాత మామయ్యకీ చూపు తగ్గింది. మా దుకాణానికి రాకుండా బస్సెక్కి పోయి ఎక్కడో జోడు కొనుక్కున్నాడు. దాని ఒక కాడ వదులు. ముక్కు మీద నుంచి జారిపోతూ ఉంటుంది. మామయ్య టైర్ల షాపులో కూర్చుని ఒక చేత్తో ట్యూబు పట్టుకుని, ఇంకో చేత్తో జోడు పైకి తోసుకుంటూ ఉంటాడు. నాన్న ఆ దారిన వెళ్ళినప్పుడల్లా పళ్ళు నూరుతాడు. కోపంతో కాదు. "ఒక్క స్క్రూ తిప్పితే పోయేదానికి," అంటాడు ఇంటికొచ్చి.

ఈ ఏడు ఫైనల్ మళ్ళీ మా ఊరి గ్రౌండుకే వచ్చింది. మా జట్టుకి ఇప్పుడు ఆట నేర్పేది మామయ్యే. ఎప్పుడూ వచ్చే అంపైరుకి బదిలీ అయింది. క్రీడా సంఘం కార్యదర్శి మందుల షాపాయన. ఆయన మా దుకాణానికి వచ్చి, అటూ ఇటూ చూసి, నాన్న చేతిలో విజిల్ పెట్టాడు.

"మీరు తప్ప రూల్సు తెలిసినవాళ్ళు ఊళ్ళో లేరు," అన్నాడు.

ఆ పాత ఫైనల్ తర్వాత నాన్నని ఎవరూ పెద్ద ఆటకి పిలవలేదు. స్కూలు పిల్లల ఆటలకి వెళ్ళేవాడు, వాళ్ళు ఎదురు చెప్పరు కాబట్టి. ఆ విజిల్‌ని నాన్న అద్దాలు తుడిచే మెత్తటి గుడ్డతో తుడిచాడు. ఊదలేదు. చొక్కా జేబులో వేసుకుని, బయటికి కనిపించకుండా పైన పెన్ను పెట్టుకున్నాడు. మళ్ళీ తీసి చూసుకున్నాడు.

సాయంత్రానికల్లా మామయ్య సంఘం ఆఫీసుకి వెళ్ళి బల్ల గుద్దాడు. "ఆ కళ్ళు ఫైనల్‌కి పనికిరావు. ఆయన్ని పెడితే నా జట్టు దిగదు."

కార్యదర్శి తల పట్టుకున్నాడు. "మీ బావాబావమరుదుల గొడవ మీరే తేల్చుకోండి. ఆదివారంలోగా తేలకపోతే బయటి నుంచి ఎవరినో తెచ్చుకుంటాం, విజిల్ వెనక్కి ఇచ్చేయండి," అని కబురు పంపాడు.

ఆ రోజు నాన్న ఒకావిడకి దగ్గరి చూపు అద్దాల బదులు దూరం చూపువి బిగించి పంపాడు. ఆవిడ మర్నాడు వచ్చి, "అన్నగారూ, వీధి చివర కుక్క కనపడుతోంది గానీ చేతిలో సూది కనపడట్లేదు," అంది. నాన్న అలాంటి పొరపాటు చేయగా నేను ఎప్పుడూ చూడలేదు. ఆ విజిల్ పోతే నాన్నకి ఏమవుతుందో నాకు అప్పుడు అర్థమైంది.

మధ్యలో అన్నయ్య బండికి గాలి పెట్టించుకోవడానికి వెళ్ళి, మామయ్య దగ్గర అప్పుపెట్టె గొప్పలు చెప్పాడు. మామయ్య అంతా విన్నాడు.

"అంటే రీట్రెడింగ్ అన్నమాట. అరిగిన టైరుకి కొత్త గాళ్ళు పోసినట్టు."

"అలాంటిదే మామయ్యా."

"అయితే ఆ ఫైనల్ డిస్కుకి పొయ్యగలదా?"

పొయ్యగలదనేశాడు అన్నయ్య. పెట్టెకి చేతకాదని చెప్పడానికి నోరు రాలేదు.

ఆ సాయంత్రమే గేటు దగ్గర హారన్ మోగింది. అమ్మ వెళ్ళేలోపే మామయ్య గట్టిగా అన్నాడు, దుకాణంలోకి వినపడేలా.

"అంపైరు గారూ! ఆదివారం మధ్యాహ్నం మీ ఇంటికొస్తున్నా. మీ కోసం కాదు. పెట్టె కోసం."

నాన్న లోపలి నుంచే, "రండి. పెట్టె ఇంట్లోనే ఉంటుంది," అన్నాడు.

"అది ఏం చెబితే అదే. బంతి లోపల పడిందంటే విజిల్ దించెయ్యాలి."

"బయట పడిందంటే?"

"ఇంక నోరెత్తను. చచ్చినా ఎత్తను."

అమ్మకి ఇవేవీ పట్టలేదు. తమ్ముడు ఇంట్లోకి వస్తున్నాడు, అంతే. భర్తని ఓడించడానికి వస్తున్నాడన్నది ఆవిడకి చిన్న విషయం. ఇల్లంతా కడిగింది, కిటికీ తెరలు ఉతికింది, నా చేత గ్లాసులన్నీ తోమించింది.

"అమ్మా, నాన్న ఓడిపోతే?" అన్నాను.

"ఎవరో ఒకరు ఓడతారులే. ఇద్దరూ నావాళ్ళేగా," అంది అమ్మ, గ్లాసు వెలుతురులో పెట్టి చూస్తూ.

ఆదివారం వచ్చిన జనాన్ని చూస్తే మా హాలు పట్టేలా లేదు. దుకాణంలో కుర్చీలన్నీ లోపలికి తెచ్చాం. అక్షరాల బోర్డు ముందు కూర్చోబెట్టే తిరుగుడు స్టూలు కార్యదర్శి గారికిచ్చాం. ఆయన ఎవరు మాట్లాడితే అటు తిరిగేవాడు. ఆ పాత ఫైనల్‌ని వీడియో తీసిన స్టూడియో ఆయన కూడా వచ్చాడు. మామయ్య గుమ్మం బయట కాసేపు చెప్పులు విప్పుతూనే ఉన్నాడు. రెండు చెప్పులకి అంతసేపు ఎందుకో తెలియదు. అత్తయ్య వెనక నుంచి, "లోపలికి పదండి, ఎండ," అంటే అప్పుడు వచ్చాడు. నేను టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని లోపలి గది తలుపు దగ్గర నిలబడ్డాను.

అన్నయ్య తెరలు వేసి, ముందు బొమ్మని ఉన్నదున్నట్టు పెట్టాడు. అంతా మసక. నెట్టు పొగమంచులా ఉంది. ఆటగాళ్ళకి కాళ్ళూ చేతులూ ఉన్నాయి, మొహాలు లేవు.

"అప్పటి కెమెరా అంతే," అన్నాడు స్టూడియో ఆయన, ఎవరూ అడక్కుండానే. "ఎండ నా మొహం మీదికి కొడుతోంది. నా తప్పేం లేదు."

"మిమ్మల్నెవరన్నారండీ," అంది అమ్మ.

చివరి బంతి వచ్చింది. బంతి ఒక తెల్ల మరక. గీత ఇంకో తెల్ల మరక. మరక వెళ్ళి మరక దగ్గర పడింది. ఎవరికి కావలసింది వాళ్ళు చూసుకోవచ్చు.

"ఇప్పుడు పెట్టె పని మొదలు," అని అన్నయ్య రిమోట్ నొక్కాడు. తెర మీద రెండు మాటలు వచ్చాయి. నునుపు, పదును. అన్నయ్య ముందు నునుపు నొక్కాడు.

అందరూ ఒక్కసారి "అబ్బో" అన్నారు. నిజంగానే కొత్తగా ఉంది. మసక పోయింది. మనుషుల మొహాలు గుడ్డు పెంకు ఒలిచినట్టు నున్నగా వచ్చాయి. అయితే అందరివీ ఒకే మొహంలా ఉన్నాయి. జనంలో అమ్మ కూర్చుని ఉంది, అప్పుడు సన్నగా ఉండేది. పాకే వయసులో ఉన్న అన్నయ్య ఆవిడ ఒళ్ళో ఉండాలి. ఉన్నాడు గానీ, చేతులూ తలా కలిసిపోయి సంచిలా అయిపోయాడు.

"ఒరేయ్, నా పిల్లాణ్ణి ఏం చేసిందిరా నీ పెట్టె?" అంది అమ్మ.

"ఆ పిల్లాడు నేనే కదమ్మా, ఇక్కడే ఉన్నాగా."

"ఏమో, చిన్నప్పుడు నువ్వు అంత అణకువగా ఎప్పుడూ కూర్చోలేదు," అంది అమ్మ.

బంతి వచ్చింది. పడింది. అన్నయ్య ఆపాడు. బంతీ గీతా రెండూ కలిసిపోయి ఒకే తెల్లటి ముద్ద అయ్యాయి. మధ్యలో జాగా అన్నదే లేదు.

మామయ్య కుర్చీలోంచి లేచాడు. కుర్చీ వెనక్కి పడింది.

"చూశారా! గీత మీద! నేను మొత్తుకుంటూనే ఉన్నా! చూడవే, చూడు!" అని అత్తయ్య భుజం పట్టుకుని ఊపాడు.

"చూశాను, చూశాను. భుజం వదలండి. ఇంక ఈ జన్మలో నాకు మళ్ళీ చెప్పరుగా ఈ కథ?" అంది అత్తయ్య.

కార్యదర్శి స్టూలు నాన్న వైపు తిరిగింది. నాన్న నేల చూస్తున్నాడు. చెయ్యి చొక్కా జేబు మీద ఉంది. ఆ జేబులో ఏముందో నాకు తెలుసు.

"ఆగండాగండి," అన్నాడు అన్నయ్య. "ఇంకోటుంది." పదును నొక్కాడు.

పెట్టెలో ఫ్యాను బుర్రుమంటూ తిరగడం మొదలెట్టింది. బొమ్మ గీరినట్టు తేలింది. నెట్టు ముడులు లెక్కపెట్టొచ్చు. నాన్న మీసం రెండు మీసాలైంది. సంచి మళ్ళీ పిల్లాడైంది, కాకపోతే కోపంగా ఉన్న పిల్లాడు. బంతి పడింది. అన్నయ్య ఆపాడు. బంతికీ గీతకీ మధ్య నల్లగా, స్పష్టంగా, కత్తితో గీసినట్టు ఒక సందు.

హాల్లో ఫ్యాను ఒక్కటే మాట్లాడుతోంది.

ఆ నల్ల సందు ఉన్నది ఒక్క బంతి చుట్టూనే కాదు. అమ్మ తల చుట్టూ ఉంది. నెట్టు కట్టిన స్తంభం పక్కన ఉంది. పదును పెట్టాక తెల్లగా ఉన్న ప్రతిదాని అంచునా పెట్టె ఒక నల్లగీత తనే గీసేసుకుంది. నేను అన్నయ్య వంక చూశాను. అన్నయ్యా అదే చూస్తున్నాడు. నా వంక తిరిగి కనుబొమలెగరేశాడు, నోరు కదిపావో చంపేస్తా అన్నట్టు. నేను నోరెప్పుడు కదిపాను గనక.

"బాబూ, ఈ రెంటిలో ఏది పెద్దది?" అని కార్యదర్శి అడిగాడు.

"ఏది పెద్దదంటే..."

"ఏ దానికి పెట్టె ఎక్కువ కష్టపడుతుంది?"

"పదునుకేనండి. అందుకే ఫ్యాను అలా తిరుగుతోంది," అన్నాడు అన్నయ్య. ఆ మాట మాత్రం నిజమే.

"అయితే ఇంకేం. కష్టపడి చెప్పిందే ఖాయం. బంతి బయట పడింది," అని కార్యదర్శి స్టూలు మీద ఒక చుట్టు తిరిగి లేచాడు. స్టూడియో ఆయన, "నా కెమెరాలో అంత వివరం ఉందని నాకే తెలీదు," అని మురిసిపోయాడు.

మామయ్య పడిపోయిన కుర్చీని లేపి నిలబెట్టాడు. జోడు తీశాడు, చొక్కాతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకుని ఇంకోసారి తెర చూశాడు. తర్వాత నాన్న ముందుకొచ్చాడు. కొడతాడేమో అనుకుని అత్తయ్య లేచింది.

"మనిషి చెబితే వినలేదు. పెట్టె చెబితే కూడా వినకపోతే నేను మనిషినే కాదు," అన్నాడు. "బావా, టీ చల్లారిపోతోంది, తాగు."

అమ్మ వంటింట్లోకి పరిగెత్తింది. నేను వెళ్ళి చూస్తే ఉత్త పొయ్యి ముందు నిలబడి కళ్ళు తుడుచుకుంటోంది. "పొగ," అంది. మాది గ్యాసు పొయ్యి. మామయ్య ఆ పూట మా ఇంట్లోనే అన్నం తిన్నాడు. అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాడు.

అందరూ సంతోషంగా ఉన్నారు. నాకు మాత్రం ఒకటి గుచ్చుకుంటోంది.

అన్నయ్య ఆ బంతిని ముందుకీ వెనక్కీ తిప్పుతున్నంతసేపూ అందరూ తెర మూలకే చూశారు. నేను నిలబడ్డ తలుపు దగ్గర్నుంచి ఆ మూల కార్యదర్శి తల అడ్డం. నాకు స్తంభం పక్కన నాన్న కనిపించాడు. నేను పుట్టకముందు నాన్న ఎలా ఉండేవాడో నాకు తెలీదు, అందుకని నాన్ననే చూశాను. నాన్న రెండు చేతులూ పైకెత్తాడు. అప్పటికి బంతి ఇంకా గాల్లోనే ఉంది. మసకలో చూసినా గాల్లోనే ఉంది, నునుపులోనూ, పదునులోనూ. ఆ సంగతి తెలియడానికి ఏ చుక్కా ఎవరి దగ్గరా అప్పు తేనక్కర్లేదు.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య కాలేజీలో ఉన్నాడు. నాన్న దుకాణం తలుపు దగ్గరగా వేసి లోపలికొచ్చాడు.

"ఆ డిస్కు వెయ్యమ్మా ఒకసారి."

"నునుపులోనా, పదునులోనా?"

"ఏదీ వద్దు. ఎలా ఉన్నది అలా."

గెలిచిన బంతిని ఇంకోసారి చూసుకుని మురుద్దామనుకున్నాడో ఏమో. మొదటిసారి చూసి నవ్వాడు. "మళ్ళీ వెయ్యి," అన్నాడు. రెండోసారి నవ్వలేదు. మూడోసారి తెర దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు, మసక మరకలా ఉన్న తన పక్కనే.

"చేతులు ముందే లేచాయి," అన్నాడు.

నేను రిమోట్ చూస్తూ, "ఊఁ" అన్నాను.

"నిన్ననే చూశావా?"

"ఊఁ."

"మరి చెప్పలేదే?"

"ఎవరూ అడగలేదు నాన్నా."

నాన్న వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నాతో చెబుతున్నట్టు కాకుండా, "వాడు ఎగిరేటప్పుడే నాకు భయం పుట్టింది," అన్నాడు. "బావమరిది కొట్టిన బంతి, బావ లోపల పడిందన్నాడు అంటే ఊరు ఊరుకుంటుందా? ఆ భయంలో ఎత్తేశాను కాబోలు. బంతి ఎక్కడ పడిందో నేను చూడనే లేదు. సున్నం గాలికి లేచిందని ఇన్నాళ్ళూ..."

లేచి చొక్కా వేసుకున్నాడు. జేబులో విజిల్ ఉందో లేదో తడుముకున్నాడు. "పద," అన్నాడు. నన్నెందుకు పిలిచాడో తెలీదు. బహుశా నేను మాట్లాడనని.

మామయ్య షాపు ముందు నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కణ్ణించి వస్తున్నాయో చూస్తున్నాడు. నాన్నని చూడగానే మొహం వెలిగిపోయింది.

"రా బావా రా! ఒరే, బావకి కుర్చీ వెయ్యండ్రా! ఇదిగో, పొద్దుట్నించీ వచ్చినోళ్ళందరికీ నీ గురించే చెబుతున్నా. మా బావ కన్నంటే కన్ను, ఆ రోజే చూశాడు అని."

"నేను చూడలేదు," అన్నాడు నాన్న, నిలబడే.

"ఏం చూడలేదు?"

"బంతి పడటం. పడకముందే చేతులెత్తేశాను. ఇందాక వీడియోలో చూశా. కావాలంటే దీన్ని అడుగు."

మామయ్య నా వంక చూశాడు. నేను తలూపాను. మామయ్య ట్యూబు తొట్టిలో వదిలేశాడు.

"ఇప్పుడేంటి బావా కొత్త పేచీ? బంతి బయట పడిందని పెట్టె చెప్పిందా లేదా?"

"పెట్టె సంగతి వదిలెయ్. నా సంగతి చెబుతున్నా. నేను చూడకుండా చెప్పాను. నువ్వన్నది నిజమైనా కావొచ్చు."

"నువ్వు చూడకపోతేనేం, పెట్టె చూసింది!"

"అది కూడా చూడలేదురా. పక్క చుక్కల దగ్గర తెచ్చి పెట్టింది."

"అదంతా నాకు తెలీదు. బయటంటే బయటే," అని మామయ్య గొంతు పెంచాడు. "నా బంతి బయట పడిందని ఊరంతా తిరిగి చెప్పుకున్నా పొద్దున్నే. నాకు ఎంత హాయిగా ఉందో తెలుసా? ఇన్నాళ్ళూ బావ నన్ను మోసం చేశాడని కడుపులో పెట్టుకుని తిరిగా. ఇప్పుడు మళ్ళీ కాదు కాదు లోపలే అంటే, నేనేమైపోవాలి? మళ్ళీ ఆ కోపమంతా మొదట్నించీ మొయ్యాలా?"

నాన్న జేబులోంచి విజిల్ తీశాడు.

"ఇది కార్యదర్శికి తిరిగిచ్చేస్తా. ఆ మాట చెబుదామనే వచ్చా."

"ఇచ్చి చూడు. ఇంక మళ్ళీ మీ గుమ్మం తొక్కితే ఒట్టు!"

నాన్న అంపైరు కాకూడదని బల్ల గుద్దినవాడే, నాన్న అంపైరు కాకపోతే మా గుమ్మం తొక్కనంటున్నాడు. అమ్మ గుర్తొచ్చింది నాకు. నాన్నకీ గుర్తొచ్చి ఉంటుంది. విజిల్ మెల్లగా జేబులోకి వెళ్ళిపోయింది.

కోపంగా ఉన్నాడేమో, మామయ్య ముక్కు మీద జోడు జారి పెదవి దాకా వచ్చింది. నాన్న చెయ్యి చాచి దాన్ని లాక్కున్నాడు. ఎప్పుడూ జేబులో ఉంచుకునే చిన్న స్క్రూడ్రైవర్ తీసి కాడ బిగించి, మళ్ళీ మామయ్య మొహానికి తనే పెట్టాడు. మామయ్య చిన్నపిల్లాడిలా కదలకుండా నిలబడ్డాడు.

"ఇందులో పవరు కూడా తప్పే. రేపు దుకాణానికి రా," అన్నాడు నాన్న.

"అంతా తప్పే నీకు," అన్నాడు మామయ్య.

ఫైనల్ రోజు నాన్న తెల్లచొక్కా వేసుకుని స్తంభం పక్కన నిలబడ్డాడు. అమ్మ, అత్తయ్య, నేను ముందు వరసలో కూర్చున్నాం. మామయ్య మా జట్టు బెంచీ మీద ఉన్నాడు. మొదటి బంతి నుంచే జనానికి అర్థమైంది, ఈ అంపైరు తేడా అని. బంతి పడుతుంది, దొర్లుతుంది, ఆగుతుంది. నాన్న చేతులు రెండూ తొడలకి అంటుకునే ఉంటాయి. అప్పుడు నాన్న ఒకసారి నేల చూసి, ఆ తర్వాత చెయ్యి కదుపుతాడు.

"అంపైరు నిద్రపోతున్నాడా?" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

"బావా, బంతి పడి చాలాసేపైంది!" అని మామయ్య కూడా ఉండబట్టలేక అరిచాడు.

రెండు జట్లూ సమానంగా ఉన్న చోట అవతలివాళ్ళు కొట్టిన బంతి మా వైపు మూలలో పడింది. మావాళ్ళందరూ బయటే బయటే అని చేతులూపారు. నాన్న చెయ్యి ఎత్తలేదు. స్తంభం దగ్గర్నుంచి కదిలి, ఆ మూల దాకా నడుచుకుంటూ వెళ్ళాడు. మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, పెట్టుకుని సున్నం చూశాడు. గ్రౌండంతా గోల. నాన్న లేచి వెనక్కి నడిచి, స్తంభం దగ్గర నిలబడి, చెయ్యి నేలకి చూపించాడు. బంతి లోపలే పడింది. పాయింటు అవతలివాళ్ళది.

మా ఊరి జనం ఒక్కసారిగా లేచారు. మా జట్టు కుర్రాళ్ళు మామయ్య మీద పడ్డారు. "చెప్పండి సార్! మీరు చెప్పండి! బయట పడింది, మీరూ చూశారుగా! ఆయనకి అసలు కళ్ళున్నాయా?"

మామయ్య మొహం ఎర్రగా కందిపోయింది. నోరు తెరిచాడు. మూశాడు. ముక్కు మీద కదలకుండా నిలబడ్డ కొత్త జోడులోంచి నాన్నని చూశాడు. నాన్న ఇటు చూడలేదు, విజిల్ నోట్లో పెట్టుకుని తర్వాతి బంతి కోసం నిలబడ్డాడు.

"నోర్మూసుకుని ఆడండ్రా," అన్నాడు మామయ్య. "మా బావ కింద కూర్చుని మరీ చూశాడు."

అని కూర్చుని, పక్కనున్న తువ్వాలు తీసి మొహం మీద కప్పుకున్నాడు. మేం ఆ సెట్టు ఓడిపోయాం.